తెరకు వీపు పెట్టి

ఆ సినిమా హాల్లో పనిచేసే ఆలుమగలిద్దరూ ఇరవయ్యారేళ్ళుగా ప్రతి సినిమానూ చెరో వైపు నుంచి చూస్తూ వచ్చారు. పైన చిన్న గదిలో ప్రొజెక్టరు నడిపే భర్త తెరను చూసేవాడు. కింద తలుపు దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడే భార్య జనాన్ని చూసేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు సీటు చూపించడం, ఏడ్చే చంటిపిల్లల తల్లులకు తలుపు తీయడం, ముందు సీటు మీద కాళ్ళు పెట్టినవాడి మోకాళ్ళ మీద వెలుగు వేసి పదిమందిలో పరువు తీయడం ఆమె పని. అందరూ ఆమెను లైటు పిన్ని అనేవారు. మేనేజరు ఆమెకన్నా పదేళ్ళు పెద్ద. ఆయనకూ ఆమె పిన్నే.

చదివింది ఏడో తరగతి. కానీ ఏ సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో మొదటి ఆటకే చెప్పేసేది. "మీ ఆవిడకు నాలుక మీద మచ్చుందా ఏమిటయ్యా?" అని మేనేజరు ఆపరేటరును అడిగేవాడు. మచ్చా లేదు, మంత్రమూ లేదు. ఇంటర్వెల్ అక్షరాలు పడకముందే ఎన్ని తలలు లేచాయో ఆమె చూసేది, అంతే. "తర్వాతేమవుతుందోనన్న ఆరాటం ఉంటే మనిషి కదలడు. ముందే లేచాడంటే వాడికి కథ మీదకన్నా టీ మీద ప్రాణం ఎక్కువుందన్నమాట" అని మొగుడితో అనేది.

ఒక ఆదివారం పొద్దున ఓ కొత్త దర్శకురాలు తన మొదటి సినిమాను ఆ హాలుకు తెచ్చింది. విడుదలకింకా ఆరు వారాలుంది. ముందుగా రెండొందల మందిని పిలిచి చూపించి, వాళ్ళేమంటారో తెలుసుకోవాలని ఆమె ఆశ. అది పరుగు పందేల కథ. బట్టలుతికే షాపులో పనిచేసే పిల్ల పరిగెత్తడం మొదలుపెడుతుంది. ఒకప్పుడు పెద్ద పరుగువీరుడై, కాలు దెబ్బతిని కుంటుతున్న ముసలాయన ఆమెకు కోచ్‌గా దొరుకుతాడు. ఆటలంటే గిట్టని తండ్రి ఉన్నాడు. నవ్వించే స్నేహితురాలుంది. ఖరీదైన బూట్లేసుకుని ఎప్పుడూ మొదట వచ్చే పొగరుబోతు పిల్ల ఉంది. కోచ్ చచ్చిపోతాడు. ఆఖరి పందెంలో మన పిల్ల గెలుస్తుంది.

ఆట అయ్యాక చప్పట్లు పడ్డాయి గానీ, జనం సినిమా ఊసే ఎత్తకుండా బండ్ల తాళాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

మేనేజరు గదిలో దర్శకురాలు, ఎడిటరు, కథల మాస్టారు కూర్చున్నారు. మాస్టారు సినిమా కాలేజీలో కథ ఎలా అల్లాలో నేర్పే పెద్దమనిషి. దర్శకురాలు ఒకప్పుడు ఆయన శిష్యురాలే. ఆయన ఓ పాత పోస్టరు తిరగేసి, వెనక తెల్లటి వైపు కథను కొండలూ లోయలుగా గీశాడు. పక్కన డబ్బాలు గీసి నాయిక, గురువు, ప్రత్యర్థి, విదూషకురాలు, అడ్డుపడే తండ్రి అని రాశాడు.

"ఉండాల్సిన పాత్రలన్నీ ఉన్నాయి. గురువు పోవడం కూడా సరిగ్గా ముప్పావు కథకు వచ్చింది. ఏ ఎముకా పక్కకు పోలేదమ్మా. అయినా ఎందుకో లేచి నడవడం లేదు."

"అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని" అన్నాడు ఎడిటరు.

అప్పుడే లైటు పిన్ని టీలు తెచ్చింది. పొద్దుట్నుంచీ ఏమీ తినని దర్శకురాలు గ్లాసు అందుకుంటూ, "తలుపు దగ్గర ఉన్నది మీరే కదా పిన్నిగారూ. మీకెలా అనిపించింది?" అని అడిగింది.

"నేను సినిమా సరిగ్గా చూళ్ళేదమ్మా. చూసేవాళ్ళని చూశాను."

"చెప్పు పిన్నీ, మొహమాటపడకు" అన్నాడు మేనేజరు.

ఆమె గొంతు సవరించుకుంది. "ఇంటర్వెల్ ముందు కోచ్‌గారు ఉపన్యాసం అందుకోగానే ముప్పైమంది లేచారు. ఆయన పోయినప్పుడు ఏడ్చారు, నిజమే. కానీ హాలు హాలంతా ముందుకు వంగిన చోటు వేరే ఉంది. ఆ పొగరు పిల్ల పందెం గెలిచి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుంది చూడండి, ఆవిడ కూతురి మొహం చూడదు, చేతిలో గడియారం చూస్తుంది. అర నిమిషం కూడా లేదది. వెనక వరసలో తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు. ఆ తర్వాత జనం ఎదురుచూసింది ఆ పిల్ల కోసమేనమ్మా. మీరేమో దాన్ని మళ్ళీ పట్టించుకోలేదు."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "అది ప్రత్యర్థి పాత్రమ్మా. అడ్డం నిలబడటమే దాని పని. దాని మీద జాలి పుట్టిస్తే చూసేవాళ్ళ మనసు రెండుగా చీలిపోతుంది."

"ఇద్దరు పిల్లల్ని కన్న తల్లి మనసు చీలిపోతుందా సార్? ఇద్దరికీ సరిపోదూ?" అంది పిన్ని. అన్నాక భయమేసింది. అయినా మొదలుపెట్టిన మాట మింగబుద్ధి కాలేదు. "మన పిల్లకి పరుగు నేర్పింది కోచ్‌గారొక్కరేనా? ఏడాది పొడుగునా ఆ రెండోదాని వీపు చూస్తూనే కదా పరిగెత్తింది. ఊపిరి ఎక్కడ బిగపట్టాలో, మలుపులో ఎలా వంగాలో ముందున్నదాన్ని చూసే నేర్చుకుంది. గురువు పోయాడని ఏడుస్తున్నాం గానీ, ఇంకో గురువు పక్క గీతలోనే నిలబడి ఉంది."

మాస్టారు పెన్ను తీసి, ప్రత్యర్థి అన్న డబ్బాలోంచి గురువు అన్న డబ్బాలోకి ఓ గీత లాగాడు. "ముప్పై ఏళ్ళుగా ఈ రెంటినీ విడివిడిగా గీసి నేర్పుతున్నాను" అని లేచి, తన కుర్చీ ఆమె ముందుకు జరిపాడు. "కూర్చోమ్మా. మొదట్నుంచీ చెప్పు."

ఎడిటరు అప్పటికే లేచి నిలబడ్డాడు. "ఆ పొగరు పిల్ల తెల్లారుజామున ఒక్కతే ప్రాక్టీసు చేసే సీన్లు మూడున్నాయి. నిడివి ఎక్కువైందని నేనే తీసి పక్కన పడేశాను."

ఆ పూట పిన్ని ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "నోరుంది కదాని వాగి, ఉన్న ఉద్యోగానికి ఎసరు పెట్టుకున్నానేమో."

"అబద్ధమేమైనా చెప్పావా?" అన్నాడు భర్త.

"లేదు."

"అయితే తిను."

మూడు వారాల తర్వాత మళ్ళీ అదే హాల్లో మరో రెండొందల మందికి సినిమా వేశారు. కోచ్ ఉపన్యాసం రెండు ముక్కలకు తగ్గింది. పొగరుబోతు పిల్లకు తెల్లవారుజాములొచ్చాయి, ఒంటరితనం వచ్చింది. పిన్ని తెరకు వీపు పెట్టి నిలబడింది. ఇంటర్వెల్ అక్షరాలు పడేదాకా ఒక్క తలా లేవలేదు. ఆఖరి పందెంలో సంగీతం తీసేశారు. ఇద్దరాడపిల్లల ఊపిరి, అడుగుల చప్పుడు, అంతే. ఆఖరి యాభై మీటర్లకు ముందు వరసలో ఎవరో లేచారు. వాళ్ళు అడ్డమొస్తున్నారని వెనకవాళ్ళు లేచారు. చూస్తుండగానే హాలంతా నిలబడింది. మన పిల్ల వెంట్రుకవాసిలో గెలిచింది. ఓడిన పిల్ల తల్లి వైపు చూడకుండా, గీత దాటి పడిపోయిన మన పిల్లను లేపుతూ, సినిమాలో మొదటిసారి నవ్వింది. చప్పట్లు పేర్లు పడటం అయిపోయేదాకా ఆగలేదు. పైన ఆపరేటరు తెర సంగతి మరిచిపోయి, కన్నంలోంచి కిందికి జనాన్ని చూస్తూ ఉండిపోయాడు. దర్శకురాలు వచ్చి పిన్నిని వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

సినిమా వంద రోజులు ఆడింది. చివర్లో పడే పేర్లలో 'కథ సలహా' అని రాసి పిన్ని అసలు పేరు వేశారు. ఆ పేరు ఎవరిదో తెలియక హాలు పనివాళ్ళే "ఎవరబ్బా ఈవిడ?" అని వారం రోజులు ఆరా తీశారు.

ఆ తర్వాత మాస్టారు ఆమెను తన క్లాసుకు పిలిచాడు. గురువారం ఉదయం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. ముప్పైమంది విద్యార్థులు లేచి నిలబడితే, ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారనుకుని తనూ పక్కకు జరిగింది. మాస్టారు వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

ఓ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఇంతమంది పాత్రల్లో కథ ఎవరిదో ఎలా తెలుసుకోవాలి?"

పిన్ని ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఎవరు ఓడిపోతారేమోనని నీకు భయమేస్తుందో, కథ వాళ్ళదమ్మా. అలా ఇద్దరి గురించి భయమేస్తే, అది ఇంకా మంచి కథ."

ముప్పై పెన్నులు కదిలాయి. ఆఖరి బెంచీలో మాస్టారు పెన్నూ కదిలింది. ఆమె కొంగుతో చెమట తుడుచుకుని, నడుం నిటారుగా చేసి, "ఊఁ, ఇంకా అడగండి" అంది.