పదమూడేళ్ల తండ్రి

ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఈ పూట నాకు సంగటి ముద్ద గొంతు దిగకూడదు.

నిన్న ప్రొద్దుటూరులో కూతురికి లెక్కల పుస్తకం కొన్నాను. కొత్త అచ్చు వాసన తగలగానే చెయ్యి దానంతటదే వెనక పేజీలకు, జవాబుల దగ్గరికి పోయింది. సిగ్గేసింది.

జమ్మలమడుగులో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు నేను క్లాసు లీడర్ని. సార్ ఎర్ర పెన్ను నా చేతికిచ్చి అందరి నోటుబుక్కులూ దిద్దమనేవాడు. పుస్తకం వెనక ఉన్న జవాబుకు తిరుగులేదని నా నమ్మకం.

ఆరోజు లెక్కలో తండ్రి వయసు కొడుకు వయసుకు మూడింతలు, పదేళ్ల తర్వాత రెండింతలు. కొడుక్కి పది, తండ్రికి ముప్పై అని మస్తాన్ రాసినాడు. వెనక పేజీలో తండ్రికి పదమూడని ఉంది. ఎర్రగా తప్పు కొట్టినాను.

"ఏందప్పా లీడరూ, కొడుక్కి పదేండ్లుంటే నాయనకు పదమూడా? మూడేండ్లకే పెండ్లయిందా?" అన్నాడు మస్తాన్.

"నన్నడగొద్దు. బుక్కులో అట్లే ఉండాది."

సార్ లెక్క చూడలేదు. నా ఎర్ర గీత చూసి మస్తాన్ అరచేతి మీద రెండు కొట్టినాడు. వాడు చెయ్యి చంకలో పెట్టుకుని, మూడు పదులు ముప్పై అని గొణుక్కుంటా కూర్చున్నాడు. అచ్చుతప్పని నాకప్పుడు తెలిసింది. వెంటనే లేచి, "తప్పు నాది సార్" అని చెయ్యి చాపి నాలుగు దెబ్బలు తిన్నాను.

ఇంతవరకు రాసి సంగటి ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు.

నేను లేవలేదు. ఆ నాలుగు దెబ్బలు నా కల్పన. ఎర్ర పెన్నుకు మూత పెట్టి, తల వంచుకుని తర్వాతి నోటుబుక్కు తీసుకున్నాను.