బయ్యన్న రాయించిన వాక్యం

ధర్మవరం నేత వీధుల్లో బయ్యన్న పేరు తెలియని మగ్గం లేదు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా నేత సంఘానికి పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. వీధికి కొళాయి తెప్పించింది ఆయనే. వరుసగా మూడేళ్లు ఊరు వాన మొహం చూడనప్పుడు కలెక్టరు ఆఫీసు ముందు బైఠాయించి నీళ్ల ట్యాంకర్లు రప్పించిందీ ఆయనే. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన గొప్ప వేరే ఉంది. నలభై ఒక్క ఇళ్లలో అన్నదమ్ముల పంపకాలు కోర్టు మెట్లెక్కకుండా తెంపాడు. టీ కొట్టు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఆ నలభై ఒకటిలో కనీసం నాలుగైనా విని వెళ్లాల్సిందే.

ఆయన కూతురు హేమ పట్టుచీరలకు కంప్యూటరు మీద డిజైన్లు వేస్తుంది. అల్లుడు ఓబిలేష్‌కు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, వారానికోసారి వచ్చిపోతాడు. పదకొండేళ్లలో వాళ్లు ఐదు అద్దె ఇళ్లు మారారు. ఇప్పుడుంటున్న ఇంటి యజమానురాలు రోజుకు ఎనిమిది బిందెలకు మించి నీళ్లు పట్టుకోనివ్వదు. తొమ్మిదో బిందె కొళాయి కింద పెడితే మేడ మీద నుంచి మోటారు ఆపేస్తుంది. అందుకే నేతగాడు మార్కండేయ ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలియగానే హేమ పరుగెత్తింది. రెండు గదులు, వెనక మగ్గం గది, ఎండాకాలంలోనూ నీళ్లు పడే బోరు. బయానా ఇచ్చేశారు. మిగతాదానికి బ్యాంకు లోను ఇస్తానంది. అయితే ఇంటి కాగితాలన్నీ తమ జాబితాలోని లాయరు చూసి, హక్కు సరిగ్గా ఉందని రాసివ్వాలన్నది వాళ్ల షరతు. మేనేజరు మూడు పేర్లు రాసిచ్చి, ఎవరినైనా ఎంచుకోమన్నాడు.

ఆ చీటీ చూసి బయ్యన్నకు చిర్రెత్తింది.

"నేను చూసిన కాగితాలకు మళ్లీ లాయరేందే? మార్కండేయకూ వాళ్లన్నకూ ఆ పంపకం చేయించిందే నేను. సాక్షి సంతకం కూడా నాదే."

"బ్యాంకోళ్లకు నువ్వెవురో తెలీదు కదా నాయనా," అంది హేమ.

"తెలీకపోతే పోయి చెప్తా."

"నువ్వు చెప్తే లోనియ్యరు. వాళ్ల లాయరు రాసిస్తేనే ఇస్తారు. ఈ ముగ్గుర్లో ఎవురో ఒకరిని చెప్పు."

మొదటి పేరు అనంతపురంలో ఉండే ఒక పెద్ద లాయరుది. ఆయన దగ్గర కాగితం రెండు నెలలు కదలదని అందరూ అనేవారు. రెండోది రామదాసు. తొందరగా పని ముగిస్తాడని పేరు. మూడోది సునంద. వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు.

"ఈ పాప మేలు," అన్నాడు బయ్యన్న. "చిన్న పిల్ల. నా అట్లాటోడు ఎదురుగ్గా కూర్చుంటే ఎక్కువ అడగదు."

"అడగాలని కదా మనం పోయేది!" హేమ నవ్వింది. కానీ ఆమెకూ సునందే సరి అనిపించింది. కాగితాలు గట్టిగా చూస్తుందని బ్యాంకు గుమాస్తా చెప్పివున్నాడు.

సునంద ఆఫీసు రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదురుగా, జిరాక్సు అంగడి పైన ఉంది. బయ్యన్న ఇస్త్రీ పంచె కట్టి, భుజాన జరీ కండువా వేసుకుని మరీ హేమ వెంట వెళ్లాడు. సునంద లేచి కుర్చీ చూపించింది. "కూర్చోండి పెద్దాయనా" అంది. తాను ఎంచుకున్నది సరైన మనిషినే అని బయ్యన్నకు నిబ్బరంగా అనిపించింది.

ఆమె కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. మార్కండేయ తండ్రి స్థలం కొన్న దస్తావేజు, ఇంటి పన్ను రసీదులు, అన్నదమ్ముల పంపకం రాసుకున్న పందొమ్మిదేళ్ల కిందటి భాగ పరిష్కార పత్రం. చదువుతున్నంతసేపూ నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దం బయ్యన్నకు సరిపడదు.

"ఆ పత్రం మీద రెండో సాక్షి ఎవురో చూసినావా పాపా?"

"బయ్యన్న అని ఉంది. మీరేనా?"

"నేనే. అన్నదమ్ములిద్దరూ గొడ్డళ్లు పట్టుకున్నారు ఆ పొద్దు. నేను నడిమద్దెన కూర్చుని ఒక్క పూటలో తెంపినా. దాంట్లో ఇంకో తిరకాసు కూడా వచ్చింది తెలుసునా? తిప్పమ్మ ఏడ్చుకుంటా వచ్చి గడపలో కూర్చుండె. నాకూ భాగం రాయండని. ఎవురికీ నోరు పెగల్లా. నేనే, మగ్గం మీద నుంచి అప్పుడే దించిన కొత్త చీర తెప్పించి, పసుపు కుంకుమ పెట్టించి, 'ఆడబిడ్డవి, అన్నల మాట నిలబెట్టు తల్లీ, లెయ్యి' అన్నా. లేచి పోయింది. అంతే. ఒక్క మాట."

సునంద పెన్ను పక్కన పెట్టింది.

"తిప్పమ్మ ఎవరు, పెద్దాయనా?"

"మార్కండేయ చెల్లెలు. లేపాక్షి పక్కన ఇచ్చినారు."

"సొంత చెల్లెలా?"

"ఒక తల్లి బిడ్డలే."

సునంద ఆ పత్రాన్ని తిప్పి ఆయన ముందు పెట్టి ఒక వరుస మీద వేలుంచింది. "ఇది చదవండి."

బయ్యన్న కళ్లజోడు తగిలించుకుని పెద్దగానే మొదలుపెట్టాడు. బడిలో అందరికంటే గట్టిగా చదివేది తానేనని ఆయనకు ఇప్పటికీ గర్వం. "మా తండ్రికి మేమిద్దరము తప్ప వేరే వారసులు ఎవ్వరూ..."

కళ్లజోడు తీసేశాడు.

"లేరు అని ఉంది," అంది సునంద, మెత్తగానే. "స్థలం వాళ్ల నాయన సొంతంగా కొన్నది. వీలునామా లేదు. ఆయన పోయాక అన్నలకు ఎంత హక్కో ఆమెకూ అంతే. ఆమె ఉన్నట్టు ఈ కాగితాల్లో ఎక్కడా లేదు. మీరు చెప్పకపోతే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వచ్చేదాకా నాకూ తెలిసేది కాదు. ఆమె కూడా అమ్మేవాళ్లలో చేరి సంతకం పెడితే తప్ప ఈ ఇంటికి లోను ఇవ్వవచ్చని నేను రాయలేను."

"ఆ వాక్యం దస్తావేజు రాసేటోడు రాసినాడు కదా," అన్నాడు బయ్యన్న.

అనగానే తనకే తెలిసింది, అది అబద్ధమని. రాసేవాడు ఆ పొద్దు కలం ఆపి, "అన్నా, ఆడకూతురుంది కదా, ఎట్ల రాసేది?" అని అడిగాడు. "రాయప్పా, పని కానీ" అన్నది తానే. మాట మాట పలికి రాయించాడు. ఆ తర్వాత కింద సంతకం పెట్టాడు. తిప్పమ్మ అప్పటికింకా వీధి మలుపు దాటలేదు.

హేమ తండ్రి వైపు చూసింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

మెట్లు దిగేటప్పుడు బయ్యన్న గొంతు తగ్గించి అన్నాడు: "ఆ రామదాసు దగ్గరికి పోతే? ఆయప్ప ఇంత తవ్వడంటారు."

హేమ మెట్టు మీదే ఆగింది. "ఆమె ఉండాదని మనకిప్పుడు తెలిసె. తెలిసీ కొనుక్కుని ఆ ఇంట్లో నేనెట్ల పండుకోవాల నాయనా? రేపు ఆమె కోర్టుకు పోతే లోను కంతులు కట్టుకుంటా ఇల్లు పోగొట్టుకునేది మేమే."

కింద జిరాక్సు అంగడిలో ఎవరో ఆయనను గుర్తుపట్టి "అన్నా, బాగుండావా!" అని కేకేశారు. ఎప్పుడూ ఆగి నాలుగు మాటలు చెప్పే బయ్యన్న తల వంచుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులు టీ కొట్టుకు పోలేదు. నలభై ఒక్క పంపకాల్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేశాడు. ఎన్నిళ్లలో ఆడపిల్లలున్నారో, ఎందరి పేర్లు కాగితం మీద ఉన్నాయో లెక్క వేయడానికి కూర్చుని, ఏడో ఇంటి దగ్గరే మానుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే లేపాక్షి బస్సెక్కాడు. హేమ వస్తానంటే వద్దన్నాడు.

తిప్పమ్మ ఇంటి ముందు రాట్నం మీద పట్టు చుడుతోంది. ఆయనను చూసి లేచింది గానీ రాట్నం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"రా అన్నా. ఈ పొద్దు ఎవురి పంపకం?"

బయ్యన్న అరుగు మీద కూర్చున్నాడు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నీదే," అన్నాడు. "మార్కండేయ ఇల్లమ్ముతాండాడు. కొనేది నా కూతురు. నీ సంతకం లేంది బ్యాంకోళ్లు ఒప్పుకోరు."

"అయితే నేనుండానన్న మాట."

"ఉండావు. లేవని రాయించింది నేనే తల్లీ. అన్నలు కూడా కాదు. నేను."

తిప్పమ్మ కోడలు అంజలి నీళ్ల చెంబుతో గడపలో నిలబడిపోయింది. తిప్పమ్మ ఆమె వైపు తిరిగి, "విన్నావా? ఎవురూ నమ్మరనుకున్నా ఈ మాట" అంది. తర్వాత బయ్యన్నతో: "ఆ చీర నేను కట్టలేదు అన్నా. వదినె చేతిలోనే పెట్టి వచ్చినా. అదీ చెప్పుకుంటాండావా ఊర్లో?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. పందొమ్మిదేళ్లుగా ఆమె ఆ చీర కట్టుకుని సంతోషంగా వెళ్లిందనే చెప్పుకుంటూ వచ్చాడు.

"సంతకం పెడతావా?"

"నా భాగం నాకిస్తే పెడతా. కాగితం మాత్రం నీ మాట మీద చదవను. నాకూ ఒక లాయరు కావాల. మంచోళ్లు ఎవురుండారు?"

బయ్యన్న నోరు తెరిచాడు. ఒక పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్లుగా ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పిన మనిషి.

"నేను చెప్పకూడదు తిప్పమ్మా," అన్నాడు. "నువ్వే ఎంచుకో."

ఆమె హిందూపురంలో ఒక లాయరును పెట్టుకుంది. మార్కండేయ రెండు వారాలు ఎగిరిపడి, ఇల్లు అమ్ముడుపోదని తెలిశాక దిగొచ్చి చెల్లెలి భాగానికి ఒప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్ నాడు అమ్మేవాళ్ల పేర్లలో తిప్పమ్మ పేరు కూడా ఉంది. సునంద రాసిచ్చింది, బ్యాంకు ఒప్పుకుంది.

లోపల సంతకాలు జరుగుతుంటే హేమ బయటికి వచ్చింది. బయ్యన్న వేపచెట్టు నీడన నిలబడి ఉన్నాడు.

"నాయనా, ఇంకో సాక్షి తక్కువుండాడు. నిన్ను పిలుస్తాండారు."

"ఇంకెవుర్నన్నా పిలువమ్మా," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "నా సంతకం వద్దులే."