దయామణి కాల్చిన రొట్టె

పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే, దయామణి బందరు వెళ్ళి మిషను బంగళాలో ఆయాగా చేరింది. ఒక దొరసాని దగ్గరే ఇరవై ఆరేళ్ళు చేసింది. దొరసాని రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయాక, బంటుమిల్లి దగ్గర పుట్టినూరికి తిరిగొచ్చింది. అన్నావదినలు అప్పటికే లేరు. అన్న కొడుకు ఏసుబాబు తన ఇంటి పక్కనే ఓ గది ఇచ్చాడు. "భోంచేశావా అత్తా?" అని రోజూ అడిగేవాడు. ఆవిడ నోరు తెరిచేలోపే పొలం గట్టెక్కేసేవాడు.

అరవై రెండు నవంబరులో బంగళా అడ్రసు మీద వచ్చిన ఉత్తరం ఒకటి చేతులు మారి ఊరు చేరింది. ఇంగ్లీషులో ఉంది. చర్చి అయ్యగారు రాజారత్నం చదివి, కళ్ళద్దాలు తీశారు.

"దొరసానిగారు మే నెలలోనే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారమ్మా."

"మేలోనా అండీ? నేను నిన్న కూడా ఆవిడ ఆరోగ్యం కోసం ప్రార్థన చేశానే!"

అయ్యగారు ఉత్తరం మడిచి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఏసుబాబు భార్య సంతోషమ్మకు చెప్పింది. చేటలో బియ్యం చెరుగుతూ, "పెద్దావిడేగా అత్తయ్యా" అందామె. ఊళ్ళో ఆ మనిషిని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరితో కూర్చుని ఏడవాలో దయామణికి తోచలేదు. ఏడవలేదు కూడా.

రెండు రోజులాగి, బస్సెక్కి బందరు వెళ్ళి మైదాపిండి తెచ్చుకుంది. దొరసాని సాయంత్రం నాలుగింటికి టీతో తినే బ్రెడ్డు రొట్టె తన చేత్తో చేద్దామనుకుంది. ఎప్పుడూ చేసి ఎరగదు. బంగళాలో వంటవాడు సుందరరాజు రొట్టె కాల్చే పూట వంటింటి తలుపు మూసేసేవాడు. పిండి పొంగడానికి కల్లు పోస్తాడని మాత్రం తెలుసు.

అవి మద్యనిషేధం రోజులు. బెల్లం వండడానికని ఈతచెట్లెక్కే వెంకటాద్రి ఇంట్లో కల్లుంటుందని ఊరందరికీ తెలుసు. తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుని, చెంబు పట్టుకుని దయామణి పొద్దున్నే ఆ ఇంటి ముందు నిలబడింది. వెంకటాద్రి భార్య నాంచారమ్మ తెల్లబోయింది.

"మీకాండీ?"

"రొట్టెలోకమ్మా."

"రొట్టెలోకి కల్లేంటండీ!" అని నాంచారమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా చెంబు నింపి, పైన విస్తరాకు కప్పి ఇచ్చింది.

కల్లు పోసి కలిపితే పిండి చేతులకు బంకలా అంటుకుంది. ఇంకాస్త పిండి చల్లి, మోచేతులు నొప్పి పుట్టేదాకా పిసికింది. పొంగడానికి ఎంతసేపు పడుతుందో తెలియక మాటిమాటికీ మూత తీసి చూసింది. మధ్యాహ్నానికి గిన్నె అంచు దాటింది. పెద్ద డేగిసాలో ఇసక పోసి, అందులో గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచింది. తీసేసరికి అడుగు మాడింది, ఒక పక్క కుంగింది. కానీ వాసన మాత్రం బంగళా వాసనే. అప్పుడు వచ్చింది ఏడుపు.

కాసేపటికి రాజారత్నంగారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "వెంకటాద్రి ఇంటికి వెళ్ళావటమ్మా? నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు."

ఆవిడ రొట్టె చూపించి సంగతి చెప్పింది. ఆయన ముఖం తేలికపడింది. "అంతేనా! అయినా మనం జాగ్రత్తగా ఉండాలి తల్లీ," అని, ముక్క ముట్టకుండానే వెళ్ళిపోయారు. సంతోషమ్మ కొంచెం నోట్లో వేసుకుని, పులుపని చేతిలో మిగిలిన ముక్క కోళ్ళకు వేసింది.

సాయంత్రం నాంచారమ్మ వచ్చింది, రొట్టె చూద్దామని. దొరసాని పోయిన ఉత్తరం సంగతి ఆమె చెవిన కూడా పడింది. ఓ ముక్క తిని, రెండోది అడిగి మరీ తీసుకుంది. అరుగు మీద చతికిలబడి, "ఆ దొరసానిగారు ఎలా ఉండేవారండీ?" అంది.

ఉత్తరం వచ్చాక ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. దయామణి గబగబా మొదలుపెట్టింది. టీలో పంచదార వేసుకునేవారు కాదు. రొట్టె అంచులు కోసి తీసేసేవారు, ఆ అంచులే తను తినేది. వానాకాలం ఆవిడకు కాళ్ళు లాగితే ఉప్పునీళ్ళు కాచి పెట్టేది.

"తోడబుట్టినవాళ్ళు ఉన్నారాండీ? ఈ ఉత్తరం రాసిందెవరు?"

ఇరవై ఆరేళ్ళు. దయామణికి ఆవిడ బూట్ల కొలత తెలుసు, దగ్గు తెలుసు. అమ్మ పేరు తెలియదు. చెల్లెలుందో లేదో, ఉత్తరం కింద ఉన్న పేరు ఆవిడకు ఏమవుతుందో తెలియదు.

"నేనెప్పుడూ అడగలేదు నాంచారమ్మా," అంది చివరికి. "ఆవిడా నన్ను అడగలేదు."

నాంచారమ్మ దీపాలు పెట్టేవేళ దాకా అలాగే కూర్చుని, మొగుడొచ్చే వేళయిందని లేచింది.

ఆ చలికాలమంతా దయామణి శనివారం శనివారం రొట్టె కాల్చింది. చెయ్యి తిరిగాక అడుగు మాడడం మానేసింది. పనిలేని శనివారాల్లో నాంచారమ్మ వచ్చేది. చాలా శనివారాలు ఆమెకు పనుండేది. ఆ పూట దయామణి ఒక ముక్క కోసుకుని, నెమ్మదిగా నమిలి, మిగతాది ఉట్టి మీద పెట్టేది.