ఇరవయ్యో సంతకం

ఆవిడ పని కాజాలు కుట్టడం. దర్జీ షాపులో ఓ మూల స్టూలు వేసుకుని రోజుకి పది పన్నెండు చొక్కాలకు కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇంటికెళ్తుంది. వీధిలో మాత్రం ఆవిణ్ణి అందరూ పిలుపులక్క అంటారు. ఆదివారం పొద్దున్నే గడపగడపకీ తిరిగి, "పదింటికి హాలుకి రండి, మర్చిపోకండి" అని పిలిచొచ్చేది ఆవిడే మరి. మొగుడు తాళాలు బాగుచేస్తాడు. "నేను తలుపు తెరిస్తే దండం పెడతారే, నువ్వు తలుపు కొడితే దుప్పటి ముసుగేసుకుంటారు" అని ఆటపట్టిస్తాడు. అంటే అననీ అని చెప్పులేసుకుని బయల్దేరేది.

హాలంటే మరేదో అనుకునేరు! మునిసిపాలిటీ వాళ్ల పాత గది. రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. వారం వారం వీధివాళ్లు అక్కడ చేరి, తామెవరికి సాయపడ్డారో, తమకెవరు సాయపడ్డారో చెప్పుకుంటారు. తర్వాత అందరూ కలిసి ఆఫీసుకి ఓ అర్జీ రాస్తారు. మ్యాన్‌హోల్‌కి మూత, మలుపులో దీపం, అన్నీ అలా సాధించుకున్నవే. అంతకుముందు ఒకే మెట్లెక్కి దిగేవాళ్లు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. పిలుపులక్కకి పిల్లల్లేరు. ఆ గదిలో నలుగురూ "అక్కా" అంటుంటే ఆవిడకి కడుపు నిండిపోయేది. ఆ గది ఒక్కటే తన సంపాదన అనుకునేది.

వచ్చేవాళ్లలో లిఫ్టు తాతయ్య ఒకడు. ముప్ఫై ఏళ్లు పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి, రిటైరై, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకి చేరాడు. "జనాన్నంతా పైకెక్కించాను, నన్నెక్కించేవాడే లేడు" అని తన మీద తనే జోకులేసుకునేవాడు. ఒంటరి మనిషి. అందరికంటే ముందొచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. సోమవారం నియమం ఆయన పట్టుబట్టి పెట్టించిందే. ఆదివారం చెప్పాపెట్టకుండా ఎవరు మానేసినా, సోమవారం ఇద్దరు వెళ్లి వాళ్ల తలుపు కొట్టాలి. వచ్చినవాళ్లు సంతకాలు పెట్టే రిజిస్టరు పిలుపులక్క దగ్గరుండేది. అది చూసి వెళ్లే పని పాలబూత్ ఆయనకీ, నర్సమ్మకీ అప్పగించారు. పాపం వాళ్లిద్దరికీ ఆదివారం కూడా డ్యూటీలే. ముందే వచ్చి సంతకం పెట్టేసి పరిగెత్తేవారు.

అంతా సవ్యంగా ఉందనగా మునిసిపాలిటీ ఆఫీసు నుంచి కాగితమొచ్చింది. వారానికి ఇరవై సంతకాలకంటే తగ్గితే గది తీసేసుకుని అందులో విరిగిన కుర్చీలు పడేసుకుంటారట. మనుషులకి విరిగిన కుర్చీలు పోటీ, చూశారా!

ఆ ఆదివారం పిలుపులక్కకి మోకాళ్లు పట్టేశాయి. మూడంతస్తులు ఎక్కలేక, "తాతయ్యకి పిలుపెందుకు, ఆయనే వస్తాడు" అనుకుని కింది నుంచే వెళ్లిపోయింది. మీటింగయ్యాక చూసుకుంటే పంతొమ్మిది సంతకాలే ఉన్నాయి. తాతయ్య రాలేదు. దయ గురించి రెండు గంటలు మాట్లాడుకున్న మనుషుల్లో వెనక కుర్చీ ఖాళీగా ఉందని ఒక్కరికీ తట్టలేదు. అందరూ వెళ్లిపోయాక ఆవిడ గుండె దిటవు చేసుకుని, తాతయ్య పేరు ఎదురుగా ఆయన సంతకం తనే పెట్టేసింది. వచ్చే వారం చెబితే ఆయనే పగలబడి నవ్వుతాడనుకుంది.

సోమవారం పాలబూత్ ఆయన షాపు ముందు స్కూటరు ఆపాడు. "అక్కా, నిన్న ఎవరైనా ఎగ్గొట్టారా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దొంగ సంతకమని తెలిస్తే నర్సమ్మ అగ్గి మీద గుగ్గిలమైపోతుంది.

"లేదు తమ్ముడూ, అందరూ వచ్చారు" అంది రిజిస్టరు చూపించి.

సాయంత్రం తనే వెళ్లి చూసొద్దామనుకుంది. స్కూలు యూనిఫాంలు మీద పడ్డాయి. మంగళవారమూ అదే వరస, బుధవారమూ అదే. అయ్యో, పది నిమిషాల దారి కదమ్మా! వెళ్లలేదు.

గురువారం తాతయ్య పక్కింటివాళ్లు ఊరి నుంచి వచ్చి, ఎంత పిలిచినా పలకట్లేదని తాళాలాయన్ని పిలిపించారు. ఆయన తలుపు తీసి, పెళ్లానికి ఫోన్ చేసి "ఒకసారి రా" అన్నాడంతే. తాతయ్య బాత్రూమ్ గడప దగ్గర పడి ఉన్నాడు. తుంటి విరిగింది. డాక్టరు చూసి, ప్రాణం పోయి రెండు రోజులై ఉంటుందన్నాడు. అంటే మంగళవారం. తలుపు బయట ఐదు పేపర్లున్నాయి. అన్నిటికంటే కింద ఉన్నది ఆదివారానిది. తాళాలాయన పేపర్లు చూశాడు, పెళ్లాం మొహం చూశాడు, వాటిని తన పనిముట్ల సంచిలో పెట్టేసుకున్నాడు. అంటే శనివారం రాత్రే పడ్డ మనిషి సోమవారం ఇంకా బతికే ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో, ఎవర్ని పిలిచాడో!

మర్నాడు తాతయ్య చెల్లెలు వేరే ఊరి నుంచి వచ్చింది. ఆవిడకీ ఆయన తప్ప ఎవరూ లేరు. రిజిస్టరు చూడాలని కబురుపెడితే పిలుపులక్క తీసుకెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పేసి కాళ్ల మీద పడదామనే వెళ్లింది. పెద్దావిడ అన్న చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతోంది.

"ఆదివారం మీటింగుకొచ్చాడని నర్సమ్మ చెప్పిందమ్మా, రిజిస్టర్లో సంతకముందట. అప్పటిదాకా తిరుగుతూనే ఉన్నాడన్నమాట. పడగానే పోయుంటాడు, కదూ? ఎక్కువసేపు బాధపడలేదు కదమ్మా?"

పిలుపులక్క నోరు తెరిచింది. ఎదురుగా ఆ కళ్లు. "లేదు పెద్దమ్మా" అంది.

"ఆ రోజు ఏం మాట్లాడాడు?"

"మిమ్మల్నే తలుచుకున్నారు."

ఛీ, నా నోరు పడిపోనూ అని లోలోపల తిట్టుకుంది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని సంతకం మీద వేలు ఆనించింది.

"చూడు, ముందువారం వంకరటింకరగా ఉంది. ఈసారి చెయ్యే వణకలేదు. మీ అందరి మధ్యా కాస్త కోలుకున్నట్టున్నాడు. ఈ కాగితం నాకిస్తావా? అన్నయ్య చేతిరాత నా దగ్గర ఇంకేం లేదు."

పిలుపులక్క కాగితం చింపి ఇచ్చింది. పెద్దావిడ దాన్ని మడిచి, చొక్కాల మధ్య భద్రంగా పెట్టుకుని, పిలుపులక్క చెయ్యి పట్టుకుంది.

"నీలాంటివాళ్లు ఉండబట్టి మా అన్నయ్య దిక్కులేనివాడిలా పోలేదమ్మా."

పిలుపులక్క ఔనన్నట్టు తలూపింది.