ఖాళీ మంచాలు దాక్కునే చోటు

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ మంచాలక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా ఫోను ఎత్తగానే "మంచాలక్కని, చెప్పండి" అంటుంది. అసలు పేరేమిటో కొత్తగా చేరిన నర్సులకు తెలియదు. అడగాలని వాళ్ళకు తోచదు కూడా.

ఆమె పని చెప్పడానికి సులువు. ఎమర్జెన్సీలో చూసి, చేర్చుకోవాలని డాక్టర్లు తేల్చిన మనిషికి ఏ వార్డులో మంచం ఉందో వెతికి పంపాలి. అంతే. పొద్దున ఆమె చెప్పుల చప్పుడు మొదలైందంటే మళ్ళీ పొద్దువాలేదాకా మెట్ల మీద ఆ చప్పుడు ఆగదు.

ఎమర్జెన్సీ నుంచి వార్డులకు వెళ్ళే దారి ఒక పొడుగాటి వరండా. పైనున్న చిన్న కిటికీల్లోంచి వెలుగు ముక్కలు ముక్కలుగా నేల మీద పడుతుంది. ఆ ముక్కల మధ్య, గోడవారగా, ఒడ్డు దొరకని పడవల్లా స్ట్రెచర్లు. వాటి మీద మనుషులు వెల్లకిలా పడుకుని పైకప్పును చదువుకుంటూ ఉంటారు. మంచం కోసం ఎదురుచూపు అది.

వానలు మొదలైన రోజుల్లో ఆ వరండాలోనే ఒక ముసలమ్మకు ఊపిరి అందకుండా పోయింది. అటూ ఇటూ నడిచేవాళ్ళే తప్ప ఆమెను చూడాల్సిన మనిషంటూ ఎవరూ లేరు. ఎవరో చూసి కేకవేశారు కాబట్టి బతికింది. ఆ మర్నాడు సూపరింటెండెంటు మేడమ్, ఆడవాళ్ళ వార్డులో ఏళ్ళతరబడి నర్సుల పైన సిస్టర్‌గా ఉన్న ఈమెను పిలిపించింది.

"వానాకాలం వెళ్ళేలోగా వరండా ఖాళీ కావాలి. ఆ పని నీకిస్తున్నాను. కాకపోతే ఎమర్జెన్సీ మూసేస్తాను, అంబులెన్సులన్నీ పెద్ద ఊరికే వెళ్తాయి. చూసే దిక్కులేని చోట మనిషిని పడుకోబెట్టడం వైద్యం కాదు."

మేడమ్ కోపంలో న్యాయం ఉంది. అందుకే ఈమెకు నిద్ర పట్టలేదు.

మంచాలక్క పెద్దక్క మొగుడే అంబులెన్సు డ్రైవరు. సంగతి విని తల గోక్కున్నాడు.

"నాకేం మరదలా, హాయిగా బండి తోలుకుంటూ పోతాను. వెనక పడుకున్నవాళ్ళ సంగతి చూడు. గుండె నొప్పి వచ్చినవాడికి ఆ దారిలో రైలు గేటు దగ్గర ఏం చెప్పమంటావు? కాస్త ఆపుకో నాయనా, గూడ్సు బండి వస్తోందనా?"

"ఎమర్జెన్సీ మూతపడదు బావా."

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను."

మొదటిరోజు పొద్దున్నే ప్రతి వార్డుకూ ఫోను చేసింది. అందరిదీ ఒకే జవాబు. "ఖాళీల్లేవక్కా." ఆమెకు నవ్వొచ్చింది. ఖాళీ మంచం ఎలా దాక్కుంటుందో ఆమెకు తెలియనిదా? దుప్పటి నలిపి వదిలేస్తారు. బల్ల మీద ఒక నీళ్ళ సీసా పెడతారు. మంచం కింద ఎవరివో పాత చెప్పుల జత తోస్తారు. ఎవరైనా అడిగితే పేషెంటు స్కానింగ్‌కి వెళ్ళాడంటారు. అలా లేని మనిషి మంచం మీద ఉంటాడు, ఉన్న మనిషి వరండాలో ఉంటాడు.

ఫోను జేబులో వేసుకుని తిన్నగా మగవాళ్ళ వార్డుకు వెళ్ళింది. అక్కడి సిస్టర్ ఒకప్పుడు ఆమె చేతికింద పని నేర్చుకున్న పిల్ల.

"ఈ బెడ్ ఎవరిదే?"

"స్కానింగ్‌కి వెళ్ళాడక్కా."

"చెప్పులు వదిలేసా?"

"వీల్‌ఛైర్‌లో వెళ్ళాడు."

"పాపం, సీసా మూతకి సీలు కూడా ఊడలేదు. దాహం వెయ్యని జబ్బు కాబోలు."

చుట్టూ ఉన్న నర్సులు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. సిస్టర్ మాత్రం నవ్వలేదు.

"ఇది నాకు నేర్పింది నువ్వే కదక్కా."

"అందుకేగా దొరికిపోయావు."

అలా వార్డు వార్డూ తిరిగి మంచాలు పట్టుకుంది. వరండా పలచబడింది. ఆ వారం ఆమె నడకే వేరు. తర్వాత మెల్లగా మళ్ళీ నిండింది. వార్డులు కొత్త తెలివి నేర్చాయి. ఇంటికి పొమ్మన్న మనిషిని సాయంత్రం దాకా మంచం మీదే కూర్చోబెట్టేవారు. మందులు రాలేదనో, బంధువులు రాలేదనో చెప్పేవారు. నిజంగానే మనిషి కూర్చుని ఉన్నాక ఎవరేమనగలరు? మగవాళ్ళ వార్డు సిస్టర్ ఆమెతో మాట్లాడటం మానేసింది. పక్కనే నిలబడి ఉన్నా ఆయాతో "ఖాళీ లేదని ఆవిడకి చెప్పు" అనేది. ఆయా ఇటు తిరిగి "ఖాళీ లేదంటమ్మా" అనేది. వినబడిందని ఈమె అంటే, "వినబడిందంటమ్మా" అని అటు తిరిగేది.

ఒకరోజు ఆ వార్డులో నర్సు ఒకరు రాలేదు. దాచిన మంచం పట్టుకోవడానికి వెళ్ళిన మంచాలక్క ఏమనుకుందో చేతులు కడుక్కుని పనిలోకి దిగింది. ఎండ ఎక్కుతుండగా ఒక మనిషి కోలుకుని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళినవాడి దిండు మీద పల్లం ఇంకా చదును కాకముందే కొత్త స్ట్రెచర్ వచ్చింది. సెలైన్ పెట్టాలి, రక్తం తీయాలి, బెదిరిపోయిన కొడుక్కి సర్దిచెప్పాలి. అది తెమలకముందే ఇంకొకటి. మధ్యలో కిటికీ పక్క తాత సూది టైం దాటిపోయింది. ఎదురుగా సర్జరీ వార్డు మధ్యాహ్నపు చెరువులా కదలకుండా ఉంది. వాళ్ళు ఎవరినీ ఇంటికి పంపలేదు కాబట్టి వాళ్ళ దగ్గరికి ఎవరూ రాలేదు.

సిస్టర్ ఇక ఆగలేకపోయింది. ఆయా లేకుండానే మాట్లాడింది.

"చూశావా? ముందు ఖాళీ చేసినవాళ్ళ నెత్తినే పడేస్తావు. త్వరగా పని చెయ్యడమే మా తప్పా? అటు చూడు, తీరిగ్గా గోళ్ళు కత్తిరించుకుంటున్నారు. మనిషిని పంపుతావు. మనిషితోపాటు రెండు చేతుల్ని పంపవేం?"

మంచాలక్క బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని చాలాసేపు తన చేతుల వంకే చూసుకుంది. ఇన్నాళ్ళూ మంచాలు దాస్తున్నారనుకుంది. దాస్తున్నది మంచాల్ని కాదు, కాస్త ఊపిరిని. ఎంత వెతికి లాక్కుంటే అంత లోపలికి దాస్తారు. లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

ముందు పెద్దడాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన రౌండ్స్‌లో జబ్బు ముదిరినవాళ్ళను మొదట చూస్తారు, కోలుకున్నవాళ్ళను అందరికన్నా చివర. అందుకే ఇంటికి వెళ్ళేవాళ్ళకు మధ్యాహ్నం దాటితేగాని మోక్షం లేదు.

"బాగయినవాళ్ళకి తొందరేమిటమ్మా? ఎక్కడికి పారిపోతారు?"

"పారిపోవాలనే కదా సార్ నా ఏడుపు."

ఆయన పగలబడి నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించారు. ఆ తర్వాత దారి ఆయనే చెప్పారు. రేపు వెళ్ళేది ఎవరో ఈ సాయంత్రమే తేల్చి మందులు సిద్ధం చేయిస్తే, పొద్దున చిన్నడాక్టరు ఒకసారి చూసి పంపేయవచ్చు.

"కానీ ఏ కాస్త అనుమానమున్నా, బెడ్ కోసమని మాత్రం పంపను."

"పంపమన్నా నేను గుమ్మానికి అడ్డం నిలబడతాను సార్."

తర్వాత సిస్టర్లందరినీ కూర్చోబెట్టింది. ఎవరు ముందు ఖాళీ చేసినా, ఎవరు వెనక చేసినా కొత్తవాళ్ళు వంతుల వారీగానే వస్తారని చెప్పింది. వచ్చే మనిషి వెంట తనో, ఎమర్జెన్సీ నర్సో వచ్చి, మంచం మీద కుదురుకునేదాకా దగ్గరుండి చేతిసాయం చేస్తారని చెప్పింది. సర్జరీ సిస్టర్ ముఖం తిప్పుకుంది. మగవాళ్ళ వార్డు సిస్టర్ కళ్ళు చిన్నవి చేసింది.

"మాటేనా?"

"మాటే."

"తప్పితే మాత్రం నా పేషెంట్లందరూ స్కానింగ్‌కే వెళ్తారు."

సూపరింటెండెంటుకు ఇంకో అనుమానం. "నువ్వు వార్డులో దుప్పట్లు పరుస్తూ ఉంటే ఫోనెవరు ఎత్తుతారు?"

"భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుంటాను మేడమ్. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి ఫోన్లన్నీ అలా వింటూనే వంట చేశాను."

మాట నిలబెట్టుకోవడం తేలిక కాలేదు. స్ట్రెచర్ తోసీ తోసీ భుజాలు పట్టేశాయి. ఎమర్జెన్సీ నర్సులు ఇది మా పనా అని విసుక్కున్నారు. ఆమె వాళ్ళతో వాదించలేదు. తనే ముందు వెళ్ళింది. వెళ్తూనే ఉంది. వరండాలో వెలుగు ముక్కలు ఒక్కొక్కటే స్ట్రెచర్ల కిందనుంచి బయటపడ్డాయి.

వానాకాలం చివర్లో జ్వరాలు విరుచుకుపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఒక పొద్దున సూపరింటెండెంటు తేల్చుకోవడానికి వచ్చి వరండాలో నిలబడింది. గోడవార ఒకే స్ట్రెచర్ ఉంది. దాని మీద ఆయాసంతో ఒక పెద్దాయన. వంతు సర్జరీ వార్డుది. అక్కడినుంచి పాత జవాబే వచ్చింది, ఖాళీల్లేవని. సూపరింటెండెంటు పెదవి బిగించింది. వెళ్ళి దుప్పటి లాగేస్తే సరిపోతుందని మంచాలక్క కాళ్ళకు తోచింది. కాళ్ళను ఆపుకుంది. ఈ ఒక్క మంచం దొరుకుతుంది, రేపటివన్నీ దాక్కుంటాయి. ఎవరిని అడగాలా అనుకుంటూ పెద్దాయన పక్కన వంగి వీపు నిమురుతుండగా ఫోను మోగింది. మగవాళ్ళ వార్డు.

"అక్కా, ఒక బెడ్ ఇప్పుడే ఖాళీ అయింది. ఆయా చెప్పింది, ఆ ఆయాసం మనిషిని పంపు."

"వంతు మీది కాదే."

"తెలుసులే. ఆక్సిజన్ సిద్ధం చేశాను, మాటలతో పొద్దుపుచ్చకుండా తీసుకురా. చేతులు మర్చిపోకు."

స్ట్రెచర్ కదిలింది. వరండాలో ఇక వెలుగు మాత్రమే మిగిలింది. ఆమె తిరిగి వచ్చేసరికి సూపరింటెండెంటు అక్కడే ఉంది.

"ఎమర్జెన్సీ ఉంటుంది. కానీ మళ్ళీ నిండిందంటే ఆలోచించాల్సి వస్తుంది."

"నిండుతుంది మేడమ్. చలికాలంలో తప్పకుండా నిండుతుంది. అప్పుడు తలుపు మూయకండి. నన్ను పిలవండి."

సూపరింటెండెంటు చిన్నగా తలూపి వెళ్ళిపోయింది. మంచాలక్క అక్కడే నిలబడి సర్జరీ వార్డుకు ఫోను చేసింది. అటువైపు సిస్టర్ ఆమెను మాట్లాడనివ్వకుండానే అందుకుంది.

"చెప్పాను కదక్కా, ఖాళీల్లేవని. కావాలంటే వచ్చి వెతుక్కో."

"వెతకడానికి కాదమ్మా. రేపు పొద్దున మీ వార్డులో డ్యూటీ చెయ్యడానికి వస్తున్నాను. నాకేం పని చెప్తావో ఆలోచించి పెట్టు."