రెండు చప్పుళ్ళు

స్టీలు సామాన్ల దుకాణంలో కత్తుల అద్దాల బీరువా వెనక నిలబడే ఆవిడని అందరూ కత్తులావిడ అనే పిలిచేవారు. గట్టిగా గాలేస్తే పడిపోయేలా ఉంటుంది గానీ, నోరు విప్పిందంటే కొనడానికొచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని వినాల్సిందే. కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు చెక్క గూడుతో సహా కత్తుల సెట్టంతా కావాలంటే ఆవిడకి ఒళ్ళు మండేది.

“వంట చేస్తారా, యుద్ధానికెళ్తారా?” అనేది. “పెద్దదొకటి, చిన్నదొకటి, బ్రెడ్డు కోయడానికి పళ్ళున్నదొకటి. ఈ మూడూ ఉంటే ఇల్లు గడిచిపోతుంది. మిగతావన్నీ దుమ్ము దులుపుకోడానికే.”

యజమాని లోలోపల పళ్ళు నూరుకునేవాడు. కానీ ఆవిడ మాట విని కొన్నవాళ్ళు మళ్ళీ చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చేవారు కనక నోరు మూసుకునేవాడు. పెద్ద కత్తిని మాత్రం ఆవిడ ఊరికే ఇచ్చేది కాదు. కొనేవాళ్ళ చేతిలో పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ పిడి ముందున్న ఇనుముని పట్టుకునేలా తనే సర్ది, ఓ బంగాళాదుంప కోయించేది. “మొదట్లో కొత్తగానే ఉంటుంది. వాడగా వాడగా చేతికి అలవాటు పడిపోతుంది” అనేది. ఊళ్ళో సగం వంటిళ్ళకి కత్తులు ఎంచిపెట్టిన మనిషికి సొంత వంటిల్లు లేదు. అద్దెగదిలో ఒక పొయ్యి, రెండు గిన్నెలు, తొక్క తీసే చిన్న కత్తి, అంతే.

వయసు మళ్ళుతుండగా పెళ్ళి కుదిరింది. ఆయన కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే మనిషి, నెమ్మదస్తుడు. మొదటి భార్య జ్వరమొచ్చి పోయింది. రెండో తరగతి చదివే పాప ఉంది. అత్తగారికి చెవుడు. వీధి తలుపు బద్దలయ్యేలా కొట్టినా ఆ మహాతల్లికి వినపడదు.

వంటింట్లో అడుగుపెట్టిన కత్తులావిడ మొట్టమొదట తెరిచింది కత్తుల సొరుగే. మొండివి, తుప్పు పట్టినవి, పిడి ఊడినవి, అన్నీ కాగితం మీద పరిచి ఏరింది. వాటిలో ఒక పెద్ద కత్తి సానపెట్టగా పెట్టగా సన్నబడిపోయింది. చెక్క పిడి మీద బొటనవేలు పొడుగ్గా ఆనిన చోట గుంట పడింది. తిప్పి చూస్తే తమ దుకాణం ముద్ర. అంటే ఆయన మొదటి భార్య ఒకప్పుడు తన దగ్గరికే వచ్చిందన్నమాట. తనే వేళ్ళు సర్ది ఉంటుంది, దుంప కోయించి ఉంటుంది. ఎంత గుర్తు చేసుకున్నా మొహం గుర్తుకు రాలేదు. ఆ కత్తిని కాగితంలో చుట్టి అటక మీద పెట్టేసి, దాని చోట కొత్తది పెట్టుకుంది.

ఆ రోజు నుంచీ పాప అన్నం మానేసింది.

పేచీ పెట్టలేదు, ఏడవలేదు. కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కొరికి లేచిపోయేది. కత్తులావిడ బతిమాలింది, కథలు చెప్పింది, బుగ్గలు పుణికింది. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల మెడ ఎముకలు కనబడసాగాయి. స్కూలు నుంచి కబురొచ్చింది. ఎవరూ పైకేమీ అనలేదు, అదే ఆవిడని ఎక్కువ కోసింది. సవతితల్లి వచ్చింది, పిల్ల చిక్కిపోయింది అని వీధంతా అనుకోడానికి ఇంకెన్నాళ్ళు పడుతుంది?

“ఏం కావాలే నీకు?” అని ఒక సాయంత్రం అడిగేసింది.

“ఇది అమ్మ కత్తితో తరిగింది కాదు పిన్నీ.”

“నీకెలా తెలుసు? నువ్వు గదిలో బొమ్మలేసుకుంటున్నావుగా!”

“చప్పుడు వేరు. నీది టక్, టక్. అమ్మది టక్, టిక్.”

కత్తులావిడకి చిన్నతనంగా అనిపించింది, కోపం కూడా వచ్చింది. అయినా ఆకలితో ఉన్న పిల్ల దగ్గర పంతమేమిటని అటక మీది కత్తి దింపింది. తన అలవాటు ప్రకారం పట్టుకుని బీన్స్ తరిగితే టక్ టక్ అనే మోగింది. విసుగొచ్చి, బొటనవేలుని ఆ గుంటలోకి జారనిచ్చింది. మణికట్టు దానంతటదే కొంచెం వాలింది. వేటు పడ్డాక కత్తి వెనక కొస తరిగే చెక్కకి తగిలింది.

టక్, టిక్.

గదిలోంచి పరుగు వినపడింది. “అమ్మా!” అంటూ పాప వచ్చి, గుమ్మంలో ఆవిడని చూసి ఆగిపోయింది. మొహంలో వెలుగు ఆరిపోయింది. కానీ ఆ పూట కంచం ఖాళీ చేసింది.

తర్వాత రోజూ తినేది. బుగ్గలు నిండాయి, ఆయన సంతోషించాడు. కత్తులావిడకి మాత్రం ముద్ద దిగేది కాదు. తను తరుగుతున్నంతసేపూ పాప అవతల గోడకి చెవి ఆనించి కూర్చుని, చిన్నగా ఏవో కబుర్లు చెప్పేది. మధ్యలో ఆగేది, ఎవరో బదులిచ్చినట్టు తలాడించేది, నవ్వేది. ఆవిడ తరగడం ఆపగానే లేచి, ముఖం కడుక్కుని, బుద్ధిగా “పిన్నీ, అన్నం పెట్టవూ?” అని వచ్చేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం పాపా తనూ ముందు గదిలో బట్టలు మడతపెడుతున్నారు. ఆయన బజారుకెళ్ళాడు. వంటింట్లోంచి టక్, టిక్ అని మొదలైంది. తీరిగ్గా, ఎవరో పని మీదున్నట్టు.

పాప తలెత్తలేదు. మడతపెడుతున్న గౌనుని ఒడిలో పెట్టుకుని వింటోంది. పిల్లలు ఏదో ఊహించుకుంటారు, తనకీ చెవుల్లో అదే మోగుతోంది, అంతే అనుకుంది కత్తులావిడ. అప్పుడు మంచం మీంచి అత్తగారు అడిగింది.

“అప్పుడే తరుగుడు మొదలెట్టావేంటమ్మాయ్?”

కత్తులావిడ లేచి వంటింటిదాకా వెళ్ళేసరికి చప్పుడు లేదు. చెక్క పొడిగా ఉంది. పాత కత్తి సొరుగులోనే ఉంది. తీసి పట్టుకుంటే పిడి వెచ్చగా తగిలింది, అప్పుడే ఎవరో చేతిలోంచి దింపినట్టు.

మర్నాడు దాన్ని దుకాణానికి పట్టుకెళ్ళి, సానపెట్టే అతనికిచ్చింది. “పదును పెట్టాలా?” అన్నాడు. “వద్దు, విరిచెయ్యి” అంది. అతను బల్లకున్న ఇనప పట్టులో బిగించి వంచాడు. రెండు ముక్కలూ పాత ఇనుము డబ్బాలో పడేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. పిల్ల మళ్ళీ పస్తు ఉంటే ఏం చెయ్యాలో తెలియదు. నేను పెట్టింది నా పేరు మీద తినాలి, వాళ్ళమ్మ పేరు మీద కాదు అని దారంతా తనకి తాను చెప్పుకుంది. అందులో ఉన్నది భయమా అసూయా అంటే రెండూ ఉన్నాయి.

ఇంటికొచ్చి కొత్త కత్తి తీసింది. అంచు తిన్నగా ఉంది, పిడి నున్నగా ఉంది, గుంటా గాటూ లేవు. క్యారెట్టు చెక్క మీద పెట్టి, ఒక వేటు వేసింది.

టక్, టిక్.

చెయ్యి ఆగిపోయింది. చూసుకుంటే బొటనవేలు నున్నటి పిడి మీద పొడుగ్గా చాపి ఉంది, లేని గుంటలో ఒదిగినట్టు. వేళ్ళు తీసేసి, దుకాణంలో అందరికీ నేర్పే పద్ధతిలో పట్టుకోవాలనుకుంది. ఎటు నుంచి పట్టుకోవాలి? ఏ వేలు ముందు? ఇన్నేళ్ళుగా ఎందరి వేళ్ళో సర్దిన మనిషికి తన వేళ్ళు సర్దుకోవడం తెలియలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. మణికట్టు మెల్లగా వాలింది, చెయ్యి తరగడం మొదలుపెట్టింది. టక్, టిక్. టక్, టిక్.

“అమ్మా!”

ఈసారి ఆ పరుగు గుమ్మంలో ఆగలేదు. చిన్న చేతులు వెనక నుంచి వచ్చి నడుముని చుట్టేశాయి. పాప చెంప వీపుకి ఆనింది, వెచ్చగా.

ఈ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచీ కత్తులావిడ ఈ పిలుపు కోసమే మొహం వాచిపోయి ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి పిల్లని ఎత్తుకోవాలని ఒళ్ళంతా ఆరాటపడింది. కానీ తిరిగితే మళ్ళీ ఆ మొహంలో వెలుగు ఆరిపోతుందేమో. ఆరిపోకపోతే, పాప చూసేది ఎవరినో.

అందుకని తిరగలేదు. తరగడం ఆపకుండానే, “ఆకలేస్తోందా తల్లీ?” అంది.

“ఊఁ” అంది పాప, ఇంకా గట్టిగా పట్టుకుని.