వంతు తప్పిన పాట

పక్షవాతం వచ్చిన ఆర్నెల్లకు మా ఆయన చెయ్యి లేచింది, కాలు కదిలింది. మాట ఒక్కటే రాలేదు. శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ ఆయన ఇంటి ముందు దగ్గితే వీధి చివరి దాకా వినపడేది. అటువంటి మనిషి కరీంనగర్‌లో మా వంటింటి గడపలో నిలబడి గ్లాసు వైపు వేలు చూపించేవాడు. నేను "నీళ్లా?" అంటే తల ఊపేవాడు. "చాయా?" అంటే అడ్డంగా ఊపేవాడు. మా సంసారం ఆ తల ఊపుడు మీదే నడిచింది. ఇక ఈ మనిషి గొంతు వినకుండానే పోతానేమోనని నాకు భయం పట్టుకుంది.

కాస్త మనసు మారుతుందని ఊళ్లో క్లబ్బుకు తీసుకుపోయాను. గనుల దగ్గర ఆఫీసర్ల క్లబ్బులో ఇద్దరం కలిసి బ్రిడ్జి పేకాట నేర్చుకున్నాం. ఎదురెదురుగా కూర్చుని జోడీగా ఆడడం మాకు పెళ్లయిన కొత్తల్లో పడ్డ అలవాటు. ముక్కలు పంచాక ఎవరు ఎన్ని పట్లు పడతారో వంతుల వారీగా నోటితో చెప్పాలి. చిట్టీల్లో అన్నట్టే మా క్లబ్బులో దీన్నీ పాట అంటారు. ఆ సాయంత్రం ఆయన ముక్కలు సర్దుకుని, నోరు తెరిచి, "రెండు ఇస్పేట్లు" అన్నాడు. తేటగా అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముక్కలు కనపడక తుడుచుకుంటుంటే కుడి పక్కనున్నాయన మెల్లగా, "సార్, మీ వంతు ఇంక రాలే" అన్నాడు.

ఆటలో దానికి ఒక పద్ధతి ఉంది. వంతు తప్పి పాడితే ఎడమ పక్క కూర్చున్నవాళ్లు సరేనంటే ఆ పాట చెల్లుతుంది. కాదంటే రద్దు. వంతు వచ్చాక మళ్లీ పాడుకోవచ్చు. కానీ శిక్ష ఎదురుగా కూర్చున్న జోడీకి పడుతుంది. ఆ పంపకంలో పాటలన్నీ ముగిసేదాకా జోడీ "పాస్" అని వంతు వదులుకోవడం తప్ప ఇంకో మాట అనకూడదు. తప్పు ఒకరిది, నోరు మూసుకోవలసింది ఇంకొకరు.

ఆయన కావాలని చేయడం లేదు. మాట దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, పిలిస్తే రాదు. వచ్చినదాన్ని వంతు దాకా ఆపుకుంటే నాలుక మీదే మాయమైపోతుంది. అందుకే దొరికిందే చాలని గబుక్కున అనేసేవాడు. ఈ సంగతి క్లబ్బులో అందరికీ చెప్పుకున్నాను.

చెప్పకపోయినా బాగుండేది. అందరికీ జాలి పుట్టింది. ఏ బల్ల దగ్గర కూర్చున్నా, "చెల్లుతది సార్, కానియ్యుండ్రి" అనడం మొదలుపెట్టారు. ఆయన్ని ఆటలో అరటిపండు చేశారు. ఆయనకు చెవులు బాగానే ఉన్నాయి, బుర్ర ఇంకా బాగుంది. ఒకరోజు ముక్కలు బల్ల మీద పడేసి లేచి బయటికి నడిచాడు. ఆ వారమంతా ఇంట్లో వేలు కూడా చూపించలేదు. బతిమాలి, గదమాయించి, చివరికి ఏడ్చి మళ్లీ తీసుకుపోయాను.

ఈలోగా క్లబ్బు సెక్రటరీ నన్ను పక్కకు పిలిచాడు. "వదినా, మీరు పరేషాన్ గాకుండ్రి. వచ్చే వారం డబ్బలు వస్తున్నయ్. అన్ని పాటలు అట్టముక్కల మీద రాసి ఉంటయ్, తీసి ముందట పెడితే సాలు. ఇగ ఎవ్వరు నోరు తెరిచే పనే లేదు."

మంచి మనిషే, మేలే చేస్తున్నాననుకున్నాడు. కానీ లోకంలో మా ఆయన నోట మాట వచ్చే చోటు అదొక్కటే, దానికి మూత తెస్తున్నాడు. "జర కొన్నాళ్లు ఆగు తమ్మీ" అని చేతులు పట్టుకున్నాను. అందరి కోసం తెప్పించినవి, ఒక్కరి కోసం ఎట్లా ఆపుతానన్నాడు. అతనన్నదాంట్లో తప్పేముంది?

డబ్బాలు రాకముందు ఆఖరి ఆదివారం ఆయనకు ఎడమ పక్క వకీల్ సాబ్ కూర్చున్నాడు. ఆ వకీలంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. కోర్టు మానేసినా చట్టం మానలేదు. ముక్కలు పంచీ పంచగానే మా ఆయన "మూడు ఆఠీన్లు" అనేశాడు. వంతు వకీల్ సాబ్‌ది.

"నేను ఒప్పుకోను" అన్నాడు వకీల్ సాబ్. "పాట రద్దు. వదినా, గిప్పుడు మీకు పాసే."

లేచి రెండు అంటించాలనిపించింది. ఎంత కష్టపడితే వచ్చిన మాట అది! మళ్లీ ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు? కానీ మా ఆయన నడుం నిటారు చేసి కుర్చీలో సర్దుకున్నాడు. ఆ కళ్లల్లో పాత ఇంజనీరు కనిపించాడు. వంతు తిరిగి ఆయన దగ్గరికి వచ్చింది. నోరు తెరిచాడు, రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. నా పెదవులు వాటంతట అవే "మూ" అని చుట్టుకున్నాయి.

"వదినా, పెదవులు గూడ కదపొద్దు. ఆయన పాట ఆయనను పాడనియ్యుండ్రి."

పళ్ల మధ్య పెదవి బిగబట్టాను. అంతసేపు ఆయన్ని ఆదుకోకుండా నేను ఎన్నడూ కూర్చోలేదు. "మూ... మూడు..." చెమట పట్టింది. "ఆఠీన్లు." వంతులోనే అన్నాడు. ఒక పట్టు తక్కువై ఓడిపోయాం. వకీల్ సాబ్ ఏమాత్రం దయ లేకుండా మాకు పోయిన పాయింట్లు రాసుకున్నాడు. జబ్బు చేశాక మా ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

మర్నాడు పొద్దున ఆయన వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు. నీళ్లా, చాయా, పేపరా అని నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో వంతు తప్పి పాడింది నేనే కదా అనుకుని మింగేశాను. ఆయన గ్లాసు వైపు చూశాడు. వేలు లేచి, మళ్లీ దిగింది. నోరు తెరిచాడు. పొయ్యి మీద చాయ్ పొంగి పోయింది, నేను కదల్లేదు. ఒక్క మాట, ఏ మాటైనా సరే, ఇంట్లో ఒక్కటి పుడితే చాలు, వచ్చే ఆదివారం ఆ డబ్బాలకు భయపడే పనిలేదు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు కలిశాయి, విడిపోయాయి. నా కళ్లల్లోకి చూశాడు.

"పాస్" అన్నాడు.

తేటగా, తన వంతులోనే అన్నాడు. తర్వాతి వంతు నాది. నాకు మాట రాలేదు.